పాత ట్రాక్టరు తీగలలో దోషమును పట్టు విధము



ఏరువాక పున్నమి దాటినది. తొలకరి వాన కురిసి నేలకు పదును వచ్చినది. తెల్లవారకముందే మీరు పాకలోనికి పోయి, నలుబది ఏబది ఏండ్లుగా మీ యింట నున్న ట్రాక్టరునెక్కి తాళపుచెవిని త్రిప్పితిరి. లోపల ‘టక్కు’మని చిన్న చప్పుడైనది, యంత్రము మాత్రము కదలలేదు. మరల త్రిప్పితిరి. ఈసారి ఆ చప్పుడును లేదు. ఇంతలో నలుగురు చేరిరి. బ్యాటరీ చచ్చినదని ఒకరు, డైనమో కాలినదని ఒకరు, స్టార్టరు విప్పి పట్నమునకు పంపవలెనని మరియొకరు చెప్పిరి. ఎవరి మాట నిజమో తెలియదు. పదును మాత్రము ఎవరి కొరకును ఆగదు.

ఇట్టి సమయమున మనలో పెక్కుమంది చేయు పని యేమనగా, మొదట ఎవరి మాట చెవిని పడిన ఆ వస్తువును మార్చుట. క్రొత్త బ్యాటరీ తెత్తురు. నాలుగు దినములు బండి నడచును. ఐదవనాడు మరల మొదటి కథయే. పిమ్మట డైనమో మార్తురు. రోగమొకటి, మందొకటి. వేల రూపాయలు వెచ్చించిన పిదప తుదకు తేలునది, ఒక తీగ కొనయందలి చిలుమో, వదులైన ఒక మరయో. కావున ఈ ప్రసంగమున నేను చెప్పదలచిన మాట యొక్కటే: మొదట వెదకుడు, పిదప కొనుడు. వెదకుటకొక వరుస కలదు. ఆ వరుస తెలిసినచో చదువుకొన్న రైతెవడైనను దోషమున్న చోటు తానే గుర్తింపగలడు. దానిని బాగుచేయుట మెకానికునకు విడిచినను, ఏది బాగుచేయవలెనో చెప్పగల స్థితిలో నుండును.

మన దేశమున పాత ట్రాక్టరులలో పెక్కింటికి పుట్టినిల్లు ఇంగ్లండు. కొవెంట్రీ నగరమున 1946 మొదలు 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టి.ఇ. 20 అను చిన్న బూడిదరంగు ట్రాక్టరులు ఐదు లక్షలకు పైగా లోకమంతట వ్యాపించెను. దాని తరువాత వచ్చినది ఫెర్గూసన్ 35. అదియే పిదప మాసీ ఫెర్గూసన్ 35 అను పేర ప్రసిద్ధికెక్కినది. ఆ వంశపు ట్రాక్టరులను మన దేశముననే తయారుచేయుటకు నాటి మద్రాసులో 1960వ సంవత్సరమున టాఫే సంస్థ ఏర్పడెను. వానికి కావలసిన డైనమోలు, స్టార్టరులు మొదలగు విద్యుత్సామగ్రిని చేయు లూకాస్ టి.వి.ఎస్. సంస్థయు ఆ నగరముననే 1961లో వెలసెను. ఈ యంత్రములలోని ఇనుము మిక్కిలి గట్టిది. పిస్టనులు, లైనరులు మార్చుకొనుచు పోయినచో రెండు తరములు దున్నును. కాని తీగలమీది తొడుగునకు అంతటి ఆయుస్సు లేదు. ఎండకును, యంత్రపు వేడికిని, డీజిలు జిడ్డునకును అది పెళుసెక్కి చిట్లును. మిగిలినది ఎలుకలు కొరుకును. అందుచేత పాత ట్రాక్టరునకు ముసలితనము మొదట వచ్చునది ఇనుమునందు కాదు, తీగలయందు.

డీజిలు యంత్రముతో ఒక చిక్కు కలదు. పెట్రోలు యంత్రమునకు ప్రతి క్షణమును విద్యుత్కణము, అనగా నిప్పురవ్వ, కావలెను. డీజిలునకు అది అక్కరలేదు; గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టు వేడికే డీజిలు మండును. ఒకసారి కదిలిన పిమ్మట అట్టి పాత యంత్రమునకు విద్యుత్తుతో నిమిత్తము లేదు. డైనమో చచ్చియున్నను అది దినమంతయు దున్నును. యజమాని అంతయు బాగున్నదనుకొనును. కాని స్టార్టరు త్రిప్పుటకు బ్యాటరీనుండి ఖర్చైనది మరల జమపడలేదు. ఒకనాడు కాకున్న మరియొకనాడు తెల్లవారుజామున ఆ లెక్క బయటపడును. కనుక నేడు కనిపించిన దోషము నేడే పుట్టినదని తలపరాదు.

ఇక విద్యుత్తు ఎట్లు నడచునో చూతము. కాలువ నీరు మనకు పరిచితమే. తూము వద్ద నీటికుండు ఎత్తువంటిది విద్యుత్పీడనము. దానిని వోల్టులలో కొలుతురు. కాలువలో పారు నీటి పరిమాణమువంటిది విద్యుత్ప్రవాహము. దానిని ఆంపియరులలో కొలుతురు. కాలువకు వచ్చు కష్టములు మూడే. ఒకటి, కాలువ తెగి నీరు ముందుకు పోకుండుట. రెండు, పూడిక చేరి నీరు సన్నగిల్లుట. మూడు, గట్టునకు గండి పడి నీరు పొలము చేరకయే ప్రక్కకు పోవుట. తీగల కష్టములును ఈ మూడే. తీగ తెగవచ్చును. కీలు దగ్గర చిలుము పట్టి పూడవచ్చును. తొడుగు చిరిగి రాగి ఇనుమునకు తగిలి గండి పడవచ్చును. ఎంతటి చిక్కు దోషమైనను ఈ మూడింటిలో నొకటియే యని మనస్సునందుంచుకొనుడు.

ఒక్క విషయమున మాత్రము విద్యుత్తు కాలువనీటికి భిన్నము. నీరు చేను చేరినచో చాలును; తిరిగి చెరువునకు పోనక్కరలేదు. విద్యుత్తు బయలుదేరిన బ్యాటరీకే తిరిగి చేరవలెను. ఇది బావిలో త్రిప్పు బానల గొలుసువంటిది. నిండు బానలు పైకి వచ్చుటయు, వట్టి బానలు క్రిందికి పోవుటయు ఒక్క గొలుసు పనియే. దిగు ప్రక్కను గొలుసు పట్టినచో ఎక్కు ప్రక్కయు నిలిచిపోవును. ట్రాక్టరునందు పోవు దారి తీగలలో నున్నది. వచ్చు దారి ట్రాక్టరు ఇనుప దేహమే. దీపమునుండి గాని, స్టార్టరునుండి గాని విద్యుత్తు ఆ యినుము గుండ వచ్చి, ఒక లావైన పట్టీ ద్వారా బ్యాటరీ రెండవ ధ్రువమును చేరును. ఈ పట్టీని ఎర్తు పట్టీ యందురు. పోవు తీగలను అందరు చూతురు. వచ్చు దారిని చూచువారు తక్కువ. తుప్పు, రంగు, మట్టి, జిడ్డు చేరి ఆ దారియే పూడియుండుట బహు సాధారణము.

పనికి పూనుకొనకముందు జాగ్రత్తలు కొన్ని కలవు. గేరు న్యూట్రలులో నుంచి, బ్రేకు బిగించి, చక్రములకు చెక్కలడ్డము పెట్టుడు. చేతి ఉంగరములు, కడియములు, లోహపు గడియారపు పట్టీలు తీసివేయుడు. పానా జారి బ్యాటరీ ధ్రువమునకును ఇనుమునకును నడుమ పడినచో అది క్షణములో ఎఱ్ఱగా కాలును. బ్యాటరీ విప్పునపుడు ఎర్తు పట్టీని మొదట విప్పి, బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను. ఏలయనగా, ఎర్తు తొలగిన పిమ్మట రెండవ ధ్రువము విప్పునపుడు పానా ఇనుమునకు తగిలినను ప్రమాదము లేదు. చార్జి అగుచున్న బ్యాటరీనుండి మండు స్వభావముగల వాయువు వెలువడును. దానిచెంత చుట్ట గాని, బీడీ గాని, దీపము గాని ఉండరాదు. లోని ఆమ్లము కంటబడినచో తక్షణమే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని యొద్దకు పోవలెను.

మరియొక మాట. నేటి బండ్లలో నెగటివ్ ధ్రువము దేహమునకు కలుపబడియుండును. 1960 ప్రాంతపు బ్రిటిషు ట్రాక్టరులలో అనేకములందు పాజిటివ్ ధ్రువము దేహమునకు కలుపబడినది. పాత బ్యాటరీని విప్పకముందే ఏ ధ్రువము దేహమునకున్నదో చూచి, రంగుతో గుర్తు పెట్టుకొనుడు. అలవాటు చొప్పున తలక్రిందుగా బిగించినచో డైనమోయు బ్యాటరీయు ఒకదానితో నొకటి పోరాడును. రెగ్యులేటరు పెట్టె కాలిపోవును. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టించిన బండియైనచో అది వెంటనే చెడును.

పరికరములకు పెద్ద ఖర్చు లేదు. పండ్రెండు వోల్టుల బల్బొకటి తీసికొని, దాని హోల్డరునకు రెండు పొడుగాటి తీగలు కట్టి, కొనలకు పట్టుక్లిప్పులు పెట్టుడు. ఇది పరీక్షా దీపము. ఒక కొన ట్రాక్టరు ఇనుమునకు తగిలించి, రెండవ కొనను అనుమానమున్న చోట నుంచినచో, విద్యుత్తు అక్కడి వరకు వచ్చినదో లేదో దీపమే చెప్పును. దీనితోపాటు నేడు స్వల్ప వెలకు దొరకు మల్టీమీటరు ఒకటి యున్న మరియు మేలు. తీగ తెగినదని దీపము చెప్పును. పూడినదని చెప్పుటకు వోల్టుల లెక్క కావలెను.

మొదటి పరీక్ష బ్యాటరీది. పండ్రెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. రాత్రియంతయు ఊరకున్న బ్యాటరీ రెండు ధ్రువములకు మీటరు పెట్టినపుడు 12.6 వోల్టులు చూపినచో అది నిండియున్నది. 12.2 చూపినచో సగము. 12 కంటె తగ్గినచో మొదట దానికి చార్జి పెట్టింపక వేరు పరీక్ష చేయుట వ్యర్థము. మూతలు విప్పుటకు వీలైన బ్యాటరీయైనచో హైడ్రోమీటరు అను గాజుగొట్టముతో ఆమ్లపు చిక్కదనము చూడవచ్చును. నిండు బ్యాటరీలో అది సుమారు 1.260 ఉండును, ఖాళీయైన దానిలో 1.120 దరిదాపున ఉండును. ఐదు గదులు సమానముగనుండి ఒకటి మాత్రము మిక్కిలి తగ్గియున్నచో ఆ గది చెడినది. అప్పుడు మాత్రమే క్రొత్త బ్యాటరీ కొనుట న్యాయము. నీరు తగ్గినచో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బావినీరు, కుళాయినీరు పోయరాదు. అందలి ఉప్పులు పలకలను చెరచును.

రెండవ పరీక్ష మిక్కిలి సులభమైనది, పైసా ఖర్చు లేనిది. ముందు దీపములు వెలిగించి తాళపుచెవి త్రిప్పుడు. మరియొకరిని దీపములవైపు చూడుమనుడు. దీపములు మసకబారి స్టార్టరు నెమ్మదిగా మూలుగుచు తిరిగినచో బ్యాటరీ నీరసించినది, లేదా దారి పూడినది. దీపములు ఒక్కసారి ఆరిపోయినచో బ్యాటరీ ధ్రువము దగ్గరి కీలు వదులైనది. దీపములకు కావలసిన కొద్దిపాటి ప్రవాహము ఆ కీలు గుండ పోగలదు గాని, స్టార్టరు కోరు పెద్ద ప్రవాహము పోజాలదు. దీపములు ఏమాత్రము తగ్గక, చప్పుడును లేకున్నచో విద్యుత్తు స్టార్టరు దాక పోవుటయే లేదు. తాళపు స్విచ్చిలోనో, న్యూట్రలు స్విచ్చిలోనో, సొలినాయిడులోనో దారి తెగినది. ‘టకటక’మని వరుసగా చప్పుడైనచో మరల బ్యాటరీనో, దాని కీళ్లనో అనుమానింపవలెను. మెకానికును పిలిచినను, ఈ నాలుగు గుర్తులలో ఏది కనబడినదో చెప్పగలిగినచో అతని పని సగము తీరును.

ఈ పూడిక సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. ముందు దీపమొకటి 36 వాట్లదైనచో దానికి 3 ఆంపియరులు చాలును. స్టార్టరునకు రెండువందల ఆంపియరులు, ఒకప్పుడు అంతకు మించియు కావలెను. తీగ కీలునందు చిలుము చేరి ఒక ఓములో నూరవవంతు అడ్డు ఏర్పడినదనుకొనుడు. దీపమునకు దానివలన కలుగు నష్టము వోల్టులో మూడు నూరవవంతులు, కంటికి కనబడదు. స్టార్టరునకైనచో నష్టము రెండు వోల్టులు. పండ్రెండింటిలో రెండు పోయిన పిమ్మట అది డీజిలు యంత్రమును ఎట్లు త్రిప్పగలదు? దీపములు చక్కగా వెలుగుచున్నవి గదా, తీగలు బాగుగనే యున్నవని చెప్పువారు ఇక్కడనే పొరబడుదురు.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక రైతు బండి మూలుగుచున్నది. అతడు క్రొత్త బ్యాటరీ తెచ్చెను, గుణము లేదు. ఇప్పుడు మీటరు తీసికొని వరుసగా చూతము. యంత్రము అంటుకొనకుండుటకు ఆపుపిడిని లాగి పట్టియుంచి, స్టార్టరును ఒకసారికి పది సెకనులకు మించకుండ త్రిప్పవలెను. నడుమ దానికి విశ్రాంతి నీయవలెను. త్రిప్పకముందు బ్యాటరీ 12.6 వోల్టులు. త్రిప్పుచుండగా బ్యాటరీ ధ్రువముల నడుమ 11.4. ఇది మంచి గుర్తే. బ్యాటరీయే నీరసించినచో ఇది 9.6 కంటె క్రిందికి జారెడిది. ఇప్పుడు స్టార్టరు కొనకును స్టార్టరు దేహమునకును నడుమ చూడగా 7.9 వోల్టులే. నడిదారిలో 3.5 వోల్టులు మాయమైనవి. దొంగ ఎక్కడ? బ్యాటరీ పోవు ధ్రువమునుండి స్టార్టరు కొన వరకు మీటరు పెట్టి త్రిప్పగా 0.3 వోల్టు, ఈ ప్రక్క దోషము లేదు. ఎర్తు ధ్రువమునుండి స్టార్టరు దేహము వరకు చూడగా 3.2 వోల్టులు! దోషము వచ్చు దారిలో నున్నది. ఎర్తు పట్టీ దేహమునకు కలియు చోట మర విప్పి చూడగా దాని క్రింద రంగును, తుప్పును పేరుకొని యున్నవి. బండికి రంగు వేయించినపుడు పనివారు ఆ చోటును వదలలేదు. ఉప్పుకాగితముతో రుద్ది ఇనుము తెల్లగా మెరయునట్లు చేసి, పట్టీ కొనను శుభ్రపరచి గట్టిగా బిగింపగా యంత్రము ఒక్క త్రిప్పునకే అందుకొనును. క్రొత్త బ్యాటరీ వేల రూపాయలు; ఉప్పుకాగితము వెల మీకు తెలిసినదే.

ఈ పరీక్షలో మీటరు ముల్లును బ్యాటరీ సీసపు ధ్రువముమీదనే పెట్టవలెను, దానిని పట్టుకొనియున్న బిగింపు మీద పెట్టరాదు. ధ్రువమునకును బిగింపునకును నడుమనే చిలుముండవచ్చును. ముల్లు బిగింపుమీద నున్నచో ఆ దోషము లెక్కకు రాదు. తెల్లని, పచ్చని బూజువంటి చిలుమును వంటసోడా కలిపిన నీటితో కడుగుడు. ఆ నీరు గదులలో పడనీయకుడు. బిగించిన పిమ్మట పైన కొంచెము వాసెలిను పూసినచో మరల త్వరగా చిలుము చేరదు.

ఇక డైనమో. తాళము త్రిప్పగానే ఎఱ్ఱదీపమొకటి వెలుగును; యంత్రము వడిగా తిరిగినపుడు ఆరును. ఆ దీపము బ్యాటరీకిని డైనమోకును నడుమ కట్టబడినది. ఒక ప్రక్కనే పీడనమున్నపుడు దాని గుండ ప్రవాహము పోవును, వెలుగును. రెండు ప్రక్కల పీడనము సమానమైనపుడు త్రాసు ముల్లు నడుమ నిలిచినట్లు ప్రవాహము ఆగును, దీపమారును. కావున అది ఆరుటయే డైనమో లేచినదనుటకు గుర్తు. యంత్రము తిరుగుచున్నను ఆరకున్నచో మొదట ఫ్యాను బెల్టు చూడుడు. వదులైన బెల్టు జారుచుండును. తాళము త్రిప్పినపుడు అసలే వెలుగకున్నచో బల్బు మాడినదేమో చూడుడు. ఈ బల్బు మాడిన బండి గ్రుడ్డి కాపలావానిని పెట్టుకొన్న కళ్లమువంటిది.

బెల్టు బాగుండియు దీపమారనిచో డైనమోనే అడుగవలెను. పాత లూకాస్ డైనమో వెనుక రెండు కొనలుండును. పెద్దది డి, చిన్నది ఎఫ్. ఆ రెండు తీగలను తీసి, రెండు కొనలను ఒక చిన్న తీగతో కలిపి, మీటరు ఒక ముల్లు అక్కడను, రెండవది డైనమో దేహముమీదను పెట్టి, యంత్రమును మెల్లగా నడిపి క్రమముగా వడి పెంచుడు. ముల్లు త్వరగా, తడబడక పైకి లేచినచో డైనమో మంచిదే. 20 వోల్టులు చేరకముందే వడి తగ్గింపవలెను. ఏమియు చూపకున్నచో లోని బొగ్గు బ్రష్షులు అరిగియో, ఇరుకుకొనియో యున్నవి. ఒక్క వోల్టు దగ్గర నిలిచినచో క్షేత్రపు చుట్టయందు, నాలుగైదు వోల్టుల వద్ద నిలిచినచో తిరుగు చుట్టయందు దోషమని అనుమానము. బ్రష్షులు రాయు రాగి వలయము నల్లబడినచో పెట్రోలుతో తడిపిన గుడ్డతో తుడువవలెను. ఎమరీ కాగితముతో రుద్దరాదు. ఈ పరీక్ష డైనమోకు మాత్రమే, ఆల్టర్నేటరుపై చేయరాదు. ఆల్టర్నేటరున్న బండిలో యంత్రము తిరుగుచుండగా బ్యాటరీ తీగను విప్పుటయు కూడదు.

డైనమో మంచిదై చార్జి రాకున్నచో రెగ్యులేటరు పెట్టెను చూడవలెను. దాని పలుకులను వంచుటకు, స్క్రూ త్రిప్పుటకు తొందరపడకుడు. మొదట ఆ పెట్టె ఎర్తు తీగ చక్కగా తగిలియున్నదో చూడుడు. అది తెగినచో రెగ్యులేటరునకు అదుపు తప్పును. డైనమో తన శక్తి కొలది తోసి తుదకు తానే కాలును. అన్నియు సరిగా నున్నపుడు యంత్రము వడిగా తిరుగుచుండగా బ్యాటరీవద్ద 13.5 మొదలు 14.5 వోల్టుల వరకు కనబడవలెను. 15 దాటి నిలిచినచో అధిక చార్జి. బ్యాటరీ నీరు తరచుగా తగ్గిపోవుచున్నదని కొందరు మొరపెట్టుకొనుటకు కారణము సాధారణముగ ఇదియే.

పగలు బాగుగా చార్జియైన బ్యాటరీ తెల్లవారునప్పటికి చచ్చుచున్నచో ఇంటిదొంగ యున్నాడన్నమాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. పరీక్షా దీపము పట్టగలదు. స్విచ్చులన్నియు ఆపి, ఎర్తు పట్టీని బ్యాటరీనుండి విప్పి, ఆ పట్టీకిని ధ్రువమునకును నడుమ దీపమును కట్టుడు. వెలిగినచో ఎక్కడనో కారుచున్నది. ఒక్కొక్క తీగను విప్పుచు రండు. ఏ తీగ విప్పినపుడు దీపమారునో దొంగ ఆ దారిలో నున్నాడు. రెగ్యులేటరు పెట్టెలోని కటౌటు పలుకులు అతుకుకొనిపోయినచో బ్యాటరీ రాత్రియంతయు డైనమోలోనికే కారుచుండును.

గండి దోషము అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఫ్యూజు అను సన్నని తీగ గండి పడినపుడు తాను కాలి బండిని కాపాడును. అది కాలినదని కోపగించి దాని స్థానమున లావు రాగితీగనో, మేకునో పెట్టుట, కాపలాకుక్క మొరిగినదని దానిని చంపుటవంటిది. అప్పుడు కాలునది ఫ్యూజు కాదు, తీగల కట్ట. ప్రక్కన గడ్డివామి యున్నచో ఆ వామియు. గండిని వెదకుటకు ఫ్యూజు స్థానమున పరీక్షా దీపమును కట్టుడు. దీపములు, హారను మొదలగునవి ఆపియుండగా అది గట్టిగా వెలుగుచున్నచో గండి యున్నది. తీగలను కదలించుచు, ఒక్కొక్క శాఖను విప్పుచు పోగా గండి తొలగిన క్షణమున దీపమారును. నడుమ బల్బుండుట వలన ప్రవాహము అదుపులో నుండును, తీగ కాలదు. తీగలు ఇనుపరేకు రంధ్రము గుండ పోవు చోట్లను, పొగగొట్టము చెంతను, ఎలుకలు దూరు మూలలను మొదట చూడుడు. క్రొత్త తీగ వేసినపుడు పాతదాని లావుకు తగ్గరాదు. మెలిపెట్టి పైన ప్లాస్టరు చుట్టిన కీలు రెండు వానలకే చిలుము పట్టును. టంకము పెట్టింపుడు, లేదా లోహపు కొనలను నొక్కించి బిగింపుడు. ఫ్యూజు మాత్రము యంత్రపు పుస్తకములో చెప్పిన బలముగలదే వేయవలెను.

కడపట చెప్పుచున్నను, నేను మొదటినుండి మనస్సునందుంచుకొన్న మాట ఇది. తాళముతో బండి కదలనపుడు, నేలపై నిలిచి, పానానో స్క్రూడ్రైవరునో స్టార్టరు కొనలకడ్డముగా పెట్టి నిప్పురవ్వలు చిమ్ముచుండగా యంత్రమును లేపు అలవాటు మన పల్లెలలో కలదు. దానిని నేర్పుగా భావించువారును కలరు. ఆ యంత్రమును చేసినవారి తలంపు మాత్రము వేరు. ఫెర్గూసన్ టి.ఇ. 20లో స్టార్టరునకు వేరు మీట లేదు. గేరు కఱ్ఱనే ‘ఎస్’ అను గుర్తునకు జరుపవలెను. గేరు కఱ్ఱ ఒకే సమయమున రెండు చోట్ల నుండజాలదు గనుక, గేరులో నున్న బండిని లేపుట అసాధ్యము. తరువాతి ట్రాక్టరులలో ఆ పనిని న్యూట్రలు స్విచ్చి చేయుచున్నది. పానా అడ్డము పెట్టినపుడు ఈ కాపుదల యంతయు వ్యర్థమగును. బండి గేరులో నున్నదని మరచిన ఒక్క క్షణము చాలును. డీజిలు యంత్రము వెంటనే అందుకొనును, బండి కదలును. ఆ పని చేయువాడు నిలుచు చోటు పెద్దచక్రమునకు ముందు. తప్పుకొనుటకు వ్యవధి యుండదు.

న్యూట్రలు స్విచ్చి చెడినచో దాని రెండు తీగలను శాశ్వతముగ కలిపి కట్టుటయు ఇట్టిదే. ఈనాడు బండి లేచును. ఆ కట్టు సంగతి తెలియని మీ కొడుకో, మనుమడో రేపు గేరులో నున్న బండి తాళము త్రిప్పును. స్విచ్చి రెండు కొనలయందు పరీక్షా దీపముతో చూడుడు. కఱ్ఱ న్యూట్రలులో నుండగా ఒక కొనవరకు వచ్చిన విద్యుత్తు రెండవ కొనకు దాటకున్నచో క్రొత్త స్విచ్చి వేయింపుడు. ఆ పూట పని ఆగినను ఆగనిండు. పదును పోయినచో మరియొక వాన వచ్చును.

కనుక, పెద్దలారా, వరుసను మరవకుడు. ముందు బ్యాటరీ, పిదప దాని కీళ్లు, ఎర్తు పట్టీ, స్విచ్చులు, ఆ తరువాత బెల్టు, డైనమో, రెగ్యులేటరు. ఏటేట దుక్కికి పది దినముల ముందు ఒక ఉదయము ఈ వరుసన చూచుకొన్నచో చాలును. ఆ ఉదయమున ఇంటి పిల్లవానిని ప్రక్కన నిలుపుకొని, పరీక్షా దీపమును అతని చేతికిండు. ఎర్తు పట్టీ ఎక్కడ కలియునో, పానా అడ్డమేల పెట్టరాదో మీ నోటనే అతనికి చెప్పుడు. ఆ బండిని రేపు నడుపువాడు అతడే గదా.